నాలుగులోంచి ఒకటిలోకి

ఆ డ్రైవింగ్ స్కూల్లో ఉన్నది ఒకే ఒక్క కారు. దానికి రెండు బ్రేకులు. నేర్చుకునేవాళ్ళ కాలి కింద ఒకటి, పక్కన కూర్చుని నేర్పే మనిషి కాలి కింద ఇంకొకటి. ఏళ్ళ తరబడి ఆ రెండో బ్రేకు మీద కాలు ఆన్చి కూర్చున్నందువల్ల, స్కూలుకి యజమాని, గుమస్తా, మాస్టారు అన్నీ తానే అయిన ఆ పెద్దమనిషికి ‘బ్రేకు మాస్టారు’ అనే పేరు ఖాయమైపోయింది. ఇంట్లో సోఫాలో కూర్చున్నా ఆయన కుడికాలు ఊరుకునేది కాదు. భార్య పాలగిన్నె అంచుదాకా నింపి మోసుకొస్తున్నా సరే, చూస్తూ చూస్తూ నేలను గట్టిగా తొక్కేసేవారు.

మనిషి వెన్న. నోరు మాత్రం లౌడ్‌స్పీకరు. “క్లచ్చు! క్లచ్చు! తల్లీ, నువ్వు తొక్కేది క్లచ్చు కాదు, నా ప్రాణం!” అని ఆయన వేసే కేకలకి వీధి మలుపులో కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి. అయినా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ ఆయన్ని మరిచిపోయేవాళ్ళు కాదు.

అలాంటి మనిషికి ఒకరోజు గడ్డం గీసుకుంటుంటే మెడ పక్కన రెండు చిన్న గడ్డలు చేతికి తగిలాయి. నొప్పి లేదు. అరిచి అరిచి నరాలు ఉబ్బాయేమో అనుకున్నారు. భార్య ఊరుకోలేదు, ఆసుపత్రికి లాక్కెళ్ళింది. పరీక్షలన్నీ అయ్యాక, గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథిలో క్యాన్సరు ఉందని, అది మెడ పక్క గడ్డల్లోకి పాకిందని తేలింది.

అక్కడి సర్జనమ్మ తొందరపడే మనిషి కాదు. కాగితం మీద మెడ బొమ్మ గీసి మరీ చెప్పింది. “ఇది నెమ్మదిగా నడిచే జబ్బండీ. ఆపరేషన్ చేసి తీసేస్తాం. తరవాత ఒక మందు మింగిస్తాం. బాగుంటారు.” అంతవరకూ అంతా బాగానే ఉంది. మాస్టారే అడగకూడని మాట అడిగారు.

“ఏ స్టేజీ అండీ?”

సర్జనమ్మ పెన్ను పక్కన పెట్టింది. “ఇప్పుడున్న పద్ధతి ప్రకారం నాలుగు. మీకు యాభై నాలుగు కదా. నలభై అయిదు దాటినవాళ్ళకి ఇలా మెడ పక్కకి పాకితే నాలుగులో వేస్తారు. కానీ ఈ జబ్బులో నాలుగు అంటే మీరనుకునే...”

ఆ ‘కానీ’ తరవాత ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా మాస్టారి చెవిన పడలేదు. నాలుగంటే ఏమిటో ఎవరికి తెలీదు? నాలుగు తరవాత అయిదు లేదు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మెడ మీద కుట్లు గొలుసులా మానాయి. ఆ తరవాత రేడియోధార్మిక అయోడిన్ మందు మింగించి, ఒంట్లోంచి దాని ప్రభావం తగ్గేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా విడిగా గదిలో పెట్టారు. భార్య తలుపవతల నుంచి కబుర్లు చెబుతుంటే, మాస్టారు ఇవతల మంచం మీద కూర్చుని, తాను పోయాక ఏ పని ఎవరు చేయాలో నిర్ణయిస్తూ కూర్చున్నారు.

బయటికొచ్చీ రాగానే అమలు మొదలుపెట్టారు. ముందుగా మంచి చొక్కాలన్నీ ఒక సూట్‌కేసులో సర్ది బావమరిదికిచ్చేశారు. ఆ అబ్బాయి కళ్ళు తుడుచుకుంటూ తీసుకున్నాడు, తీసుకున్న మర్నాటి నుంచే తొడుక్కున్నాడు. తరవాత, పెళ్ళయిన కొత్తలో ఒకసారి స్టీరింగ్ పట్టుకుని, ఆ కేకలు విని, “ఈ జన్మకిక వద్దండీ” అని దిగిపోయిన భార్యని బతిమాలి కారెక్కించారు. “నేను లేకపోతే నిన్నెవరు తిప్పుతారే?” అన్నారు. ఆవిడ ఏడుస్తూ నేర్చుకుంది. ఏడుస్తూనే గేర్లు మార్చింది, ఏడుస్తూనే ఒక చెత్తడబ్బాని పడగొట్టింది. ఆయన ఒక్క కేక కూడా వేయలేదు. దాంతో ఆవిడకి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

మూడో పని అన్నిటికంటే పెద్దది. వీధి అవతలి వైపు ఇంకో డ్రైవింగ్ స్కూలుంది. దాని ఓనరుతో మాస్టారికి మాటల్లేవు. ఒకరోజు తిన్నగా అక్కడికెళ్ళి, అతని రెండు చేతులూ పట్టుకుని, “నీ మీద అసూయతో నానా మాటలూ అన్నాను. నిజం చెప్పాలంటే నాకంటే నువ్వే బాగా నేర్పుతావు. పోయేముందు ఒప్పుకోవాలనిపించింది” అన్నారు. ఎదుటి స్కూలాయన కరిగి నీరైపోయాడు. ఇద్దరూ కౌగిలించుకున్నారు.

అన్నీ సర్దుకుని, ఇక బయల్దేరడమే తరువాయి అన్నట్టు మాస్టారు సిద్ధంగా కూర్చున్నారు.

కానీ ఆయన బయల్దేరలేదు.

ఒక ఏడాది గడిచింది. ఆకలి బాగానే వేస్తోంది. రెండో ఏడాదీ గడిచింది. కాస్త బొజ్జ కూడా వచ్చింది. చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా సర్జనమ్మ “బ్రహ్మాండంగా ఉన్నారు” అనేది. నాలుగో స్టేజీ మనిషి బ్రహ్మాండంగా ఎలా ఉంటాడు, నన్ను ఊరడిస్తోంది పాపం అనుకునేవారు. మూడో ఏటికి సంగతి ఇబ్బందిగా తయారైంది. వీధిలో ఎదురైనవాళ్ళు ముందు జాలిగా, తరవాత ఆశ్చర్యంగా, ఆ పైన కాస్త అనుమానంగా చూడసాగారు. చొక్కాల బావమరిది ఎదురైతే, ఉండాల్సిన రోజులకంటే ఎక్కువరోజులు ఉండిపోయిన చుట్టంలా మాస్టారే తల దించుకునేవారు.

ఏడాదికోసారి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేది. ఎవరో అమ్మాయి, ఎంతో జాగ్రత్తగా, గాజుగ్లాసు బల్ల మీద పెడుతున్నట్టు మాట్లాడేది. “నమస్కారమండీ... సార్... ఎలా ఉన్నారండీ?”

“ఉన్నానమ్మా. నేనే మాట్లాడుతున్నాను” అనేవారు మాస్టారు సిగ్గుపడుతూ.

“అయ్యో, చాలా సంతోషమండీ!” అనేది ఆ అమ్మాయి. నిజంగానే సంతోషం ఉండేది ఆ గొంతులో. మర్యాదకి చేస్తున్నారు కాబోలు అనుకుని ఆయన ఆ సంగతి అక్కడితో వదిలేసేవారు.

అదేమీ మర్యాదకి చేసే ఫోను కాదని ఆయనకి చెప్పింది మేనకోడలు. మాస్టారి అక్క కూతురు. లెక్కల్లో పెద్ద చదువు చదివి అదే ఆసుపత్రిలో స్టాటిస్టిక్స్ విభాగంలో పనిచేస్తోంది. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. సంతోషం వస్తే మాత్రం ఒకచోట నిలబడలేదు. ఒక ఆదివారం పొద్దున్నే తలుపు తోసుకుని లోపలికొచ్చి, చెప్పులు ఒకటి గుమ్మంలో, ఇంకొకటి హాల్లో వదిలి, “మామయ్యా! నీకో మాట చెప్పాలి. నేను చెప్పకూడదు. వచ్చేవారం డాక్టరుగారే పిలిచి చెబుతారు. కానీ నేను ఆగలేను, పగిలిపోతాను!” అంది.

మాస్టారి కుడికాలు దానంతటదే నేలను తొక్కింది. “చెప్పేసెయ్. ఎంత టైముందంటున్నారు?”

“నువ్వు నాలుగో స్టేజీ కాదు మామయ్యా! ఒకటి!”

వంటింట్లో ఏదో కింద పడ్డ చప్పుడైంది. భార్య గరిటె చేత్తోనే బయటికొచ్చింది.

“నాలుగులోంచి ఒకటిలోకా?” అన్నారు మాస్టారు నోరెళ్ళబెట్టి. “మధ్యలో మూడూ రెండూ లేకుండానా? గేరుబాక్సు పగిలిపోదూ!”

మేనకోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక, సోఫా చేతి మీద కూర్చుని చెప్పుకొచ్చింది. “అసలు ఈ స్టేజీలెందుకు మామయ్యా? ఒక స్టేజీలో వాళ్ళందరి పరిస్థితీ ఇంచుమించు ఒకేలా ఉండాలి. పక్క స్టేజీ వాళ్ళకీ వీళ్ళకీ తేడా కనపడాలి. అప్పుడే ఎవరికెంత వైద్యం కావాలో తెలుస్తుంది. మరి ఆ విభజన సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?”

“ఎలా?”

“ఏళ్ళు గడిచాక ఎవరున్నారో, ఎవరు లేరో చూడాలి. వేరే దారి లేదు. ఏడాదికోసారి నీకు ఫోను రావట్లేదూ? ఆ అమ్మాయి మా పక్క గదిలోనే కూర్చుంటుంది. అలా వేలమందికి చేస్తారు. పేర్లు తీసేసి వివరాలు నాకిస్తారు. నేను ఒక్కో స్టేజీకి ఒక్కో గీత గీస్తాను. అందరూ ఉన్నంతసేపూ గీత పైనే నడుస్తుంది, ఎవరైనా పోయినప్పుడల్లా ఒక మెట్టు కిందికి దిగుతుంది. స్టేజీలు సరిగ్గా పెడితే ఆ గీతలు చేతివేళ్ళలా విడివిడిగా కనపడాలి. ఒకటి పైన, నాలుగు అడుగున.”

“మరి నా నాలుగు?”

“అదే కదా తమాషా! నీలాంటివాళ్ళని, అంటే నలభై అయిదు దాటి యాభై అయిదు లోపు ఉండి మెడ గడ్డల్లోకి పాకినవాళ్ళని, విడిగా తీసి గీత గీశాను. అది కిందికి దిగనంటోంది మామయ్యా! ఒకటో స్టేజీ గీతకి అతుక్కుపోయింది. రెండు గీతలున్నాయని కనపడటానికి రంగులు మార్చాల్సొచ్చింది. మావాళ్ళందరం చుట్టూ మూగి చూశాం. ఆ నాలుగో స్టేజీ వాళ్ళు ఎంతకీ చావడం లేదు!”

మాస్టారి భార్య గరిటె బల్ల మీద పెట్టేసి కూర్చుండిపోయింది.

“అన్నిచోట్లా ఇలాగే తేలుతోందట. అందుకని కొత్త పద్ధతిలో వయసు హద్దుని నలభై అయిదు నుంచి యాభై అయిదుకి జరిపారు. మా ఆసుపత్రిలోనూ అది పనికొస్తుందా లేదా అని మా పాత పేషెంట్ల మీద సరిచూడటమే నా పని. పనికొస్తుంది! గీతలు ఇప్పుడు ఎంత ముచ్చటగా విడిపోయాయో చూస్తే నువ్వు ముద్దు పెట్టుకుంటావు!”

మాస్టారు సోఫాలో ముందుకి జరిగారు. “అంటే నాకు నయమైపోయిందా?”

“జబ్బు ఎప్పుడో తీసేశారు. నీ ఒంట్లో కొత్తగా మారిందేమీ లేదు. నీకు పెట్టిన అంకె తప్పు, అంతే.”

“అంటే... నేను మొదటినుంచీ ఒకటేనా?”

“ఒకటే.”

“మూడేళ్ళు ఉత్తపుణ్యానికి చచ్చానన్నమాట!” అని మాస్టారు లేచి నిలబడి, ఏం చేయాలో తోచక భార్యని నడుం పట్టుకుని ఒక చుట్టు తిప్పారు. ఆవిడ “ఏమండీ, వదలండి, కుట్లు!” అంది. కుట్లు మాని మూడేళ్ళయిందని ఆవిడకి ఆ క్షణంలో గుర్తు లేదు. తరవాత ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆపుదామంటే ఆగలేదు. ఒకరు ఆపితే ఇంకొకరు “నాలుగులోంచి ఒకటిలోకి!” అనేవారు, మళ్ళీ మొదలు.

వెళ్ళేముందు మేనకోడలు “డాక్టరుగారు చెప్పేదాకా ఎవరికీ చెప్పకు మామయ్యా, ఒట్టు” అని మాట తీసుకుంది. మాస్టారు ఆ మాట మీద వీధి మలుపుదాకా నిలబడ్డారు. అక్కడ ఎదురైన మొదటి మనిషికి చెప్పేశారు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. కారు కిటికీ దించుకుని, తెలిసినవాళ్ళు కనపడితే చాలు, ఒక వేలెత్తి చూపించేవారు. “ఒకటి! ఒకటి!” కొంతమంది ఆయన ఏదో ఎన్నికల్లో నిలబడ్డారనుకున్నారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక భార్య చేతులు కట్టుకుని ఆయన ముందు నిలబడింది. “ఏమండీ. ఇన్నాళ్ళూ మీరు నాలుగో స్టేజీ అని నేను కొన్ని చూసీ చూడనట్టు వదిలేశాను. టీవీ రిమోట్ మీ చేతిలోనే ఉంది. మధ్యాహ్నం నిద్రలు పోయారు. అన్నిటికీ మించి, పాడారు. నేను పళ్ళ బిగువున విన్నాను.”

“బాగా పాడతానన్నావు కదే!”

“పోయే మనిషని అన్నాను. ఒకటో స్టేజీ వాళ్ళు పాడక్కర్లేదు. ఒకటో స్టేజీ వాళ్ళు గిన్నెలు కడగొచ్చు.”

మాస్టారు గిన్నెలు కడిగారు. ఈల వేస్తూ కడిగారు, పాట కాదు కాబట్టి.

మర్నాడు చొక్కాల కోసం వెళ్ళారు. బావమరిది తలుపు తీశాడు. ఒంటి మీద ఉన్నది మాస్టారి నీలం చొక్కాయే. “బావగారూ, శుభవార్త విన్నాను! ఎంత సంతోషమో!” అని కౌగిలించుకున్నాడు. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అలా ఏడుస్తున్న మనిషి ఒంటి మీంచి చొక్కా ఎలా అడుగుతారు? అడిగారు. మెడ వైపు బాగా అరిగిన రెండు చొక్కాలు మాత్రం వాపసొచ్చాయి.

ఎదుటి స్కూలాయన దగ్గర అదీ కుదర్లేదు. అతను ఆ కౌగిలింత అయిన వారానికే గేటు మీద బోర్డు పెట్టించాడు: ‘బ్రేకు మాస్టారే ఒప్పుకున్న స్కూలు’. “ఆ మాట నాలుగో స్టేజీలో అన్నాను. ఇప్పుడు చెల్లదు” అన్నారు మాస్టారు. “పోయేముందు చెప్పిన మాట సార్, ఎలా తీసేస్తాను?” అన్నాడతను. “పోలేదు కదయ్యా!” “అదే సార్, దేవుడు చల్లగా చూశాడు. బోర్డు మాత్రం పెయింట్ చేయించేశాం.” ఇద్దరూ గేటు దగ్గర నిలబడి కాసేపు గట్టిగా కొట్లాడుకున్నారు. మూడేళ్ళుగా మాస్టారు కోల్పోయిన సుఖమది. ఇంటికొచ్చాక చాలా హాయిగా నిద్రపోయారు.

ఈ సంబరంలోకి అక్క దిగింది. మాస్టారికంటే ఆరేళ్ళు పెద్దది, మేనకోడలికి తల్లి. తమ్ముణ్ణి చూసి ఆనందంతో బుగ్గలు పుణికింది. అందరూ కూర్చుని టీ తాగుతుంటే కూతురు మళ్ళీ ఆ హద్దు సంగతి ఎత్తింది. “యాభై అయిదు లోపు ఉండబట్టి ఒకటమ్మా. జబ్బు బయటపడ్డప్పుడు మామయ్యకి యాభై నాలుగు కదా.”

అక్క టీ కప్పు కింద పెట్టింది. “యాభై నాలుగా? ఎవరికి?”

“మామయ్యకి.”

“వీడికి అప్పుడు యాభై ఆరు కదే.”

మాస్టారు టీ కప్పు చేత్తో పట్టుకునే అక్క వైపు తిరిగి చూశారు.

“ఒరేయ్ తమ్ముడూ, అలా చూడకు. అమ్మకి ఒంట్లో బాగోక నిన్ను స్కూల్లో చేర్పించడానికి నేనే తీసుకెళ్ళాను. ఎన్నేళ్ళని హెడ్మాస్టరు అడిగాడు. నీకేమో అప్పటికింకా అంకెలు రావు. ఉన్న వయసు చెబితే పై క్లాసులో కూర్చోబెడతారు, ఏడుస్తావని రెండేళ్ళు తగ్గించాను. చీపురుపుల్లలా ఉండేవాడివి, నమ్మేశారు.”

“ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదక్కా?”

“నువ్వెప్పుడైనా అడిగావా?”

భార్య లెక్కవేసుకుని నెమ్మదిగా అంది. “అంటే నేను చేసుకున్నది రెండేళ్ళు ముదురుసరుకునా?” అని పకపకా నవ్వింది. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. ఒక వేలు చూపిస్తూ వీధంతా తిరిగొచ్చారాయన. హద్దుకి ఇవతల ఉన్నాననుకున్నది కాస్తా అవతలికి జారిపోయింది.

“నన్ను మళ్ళీ నాలుగులో వేస్తారా?” అన్నారు.

“లేదు మామయ్యా. కొత్త పద్ధతిలో అవతలున్నా నీది రెండే. కానీ పద, చెప్పడం కాదు, చూపిస్తాను” అని మేనకోడలు లేచింది. ఉత్సాహంతో కళ్ళు మెరిసిపోతున్నాయి. తన మేనమామ వయసు తప్పని తెలియడం ఆ పిల్లకి పండగలా ఉంది. “నీలాంటివాళ్ళు ఇంకా ఎంతమందున్నారో! ఇది నాకు తట్టనే లేదు!”

ఆసుపత్రిలో ఆమె గది చిన్నది. రెండు కంప్యూటర్లు, కిటికీలో ఎండిపోతున్న ఒక మొక్క, గోడ నిండా గీతల బొమ్మలు. మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి తెర మీద ఒక బొమ్మ తెచ్చింది. పైన రెండు గీతలు ఇంచుమించు తిన్నగా వెళుతున్నాయి. వాటి కింద ఒకటి. అన్నిటికంటే అడుగున ఇంకొకటి, మెట్లు మెట్లుగా దిగుతోంది.

మాస్టారు ఆ అడుగు గీత మీద వేలుపెట్టారు. “ఈ మెట్టు?”

“ఒకరు వెళ్ళిపోయారు.”

“ఇది?”

“ఇంకొకరు.”

ఆయన వేలు తీసేసుకున్నారు. వాళ్ళ మీద లెక్కవేసి తనకి ఒకటనో రెండనో చెబుతున్నారు. తనకి ఫోను చేసే ఆ అమ్మాయి కొన్ని ఇళ్ళకి చేసినప్పుడు అవతల ఇంకెవరో ఎత్తి ఉంటారు. గాజుగ్లాసు పెట్టినట్టు ఎందుకు మాట్లాడుతుందో ఇప్పుడు తెలిసింది.

మేనకోడలు ఆయన భుజం మీద చెయ్యివేసింది. “ఇప్పుడు చూడు. హద్దుకి దగ్గర్లో ఉన్నవాళ్ళ వయసుల్ని రెండేళ్ళు అటూ ఇటూ జరిపేస్తాను. నీలా తప్పు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారనుకో.” కీబోర్డు మీద వేళ్ళు పరిగెత్తాయి. తెర ఒకసారి తెల్లబడింది. గీతలు మళ్ళీ వచ్చాయి.

మాస్టారు కళ్ళు చికిలించి చూశారు. “ఏదీ కదల్లేదే.”

“కదల్లేదు!” అని ఆమె కుర్చీతో సహా ఒక చుట్టు తిరిగింది. “హద్దు అనేది మనం పెట్టుకున్నది మామయ్యా. ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి పెట్టాం. ఇవాళ యాభై అయిదు నిండిందని జబ్బుకి ఎవరూ కబురు పంపరు. ఇదిగో, నువ్వు ఒకటిలో ఉంటే పైనున్న ఈ గీత, రెండులో ఉంటే దీని కిందది. రెండూ ఎంత పైనున్నాయో చూడు. అంకె మారింది కానీ నువ్వు మారలేదు.”

“అదే మాట మొన్నా అన్నావు.”

“మొన్న సంతోషించావు కదా. ఇప్పుడూ అదే మాట, మళ్ళీ సంతోషించు.”

మాస్టారు ఆలోచించి, దీంట్లో న్యాయం ఉందని ఒప్పుకున్నారు. వెళుతూ వెళుతూ రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర ఆగి, తన వయసు రెండేళ్ళు పెంచమని అడిగారు. కౌంటర్లో అమ్మాయి తలెత్తి చూసింది. “తగ్గించమని వస్తారండీ అందరూ. పెంచమని అడిగింది మీరొక్కరే.” “సైన్సు కోసమమ్మా” అన్నారు మాస్టారు గంభీరంగా.

ఇంట్లో మళ్ళీ సంప్రదింపులు జరిగాయి. రెండో స్టేజీ కాబట్టి గిన్నెలు రోజు విడిచి రోజు అని, మధ్యాహ్నం నిద్ర ఆదివారం మాత్రమే అని తేలింది. పాట విషయంలో భార్య ఒక్క మెట్టు కూడా దిగలేదు.

కొన్నాళ్ళకి సర్జనమ్మ, అంకె మారిన పాత పేషెంట్లందరినీ ఆసుపత్రి పెద్ద హాలుకి పిలిచింది. అంకె మారనివాళ్ళు కూడా కావాలంటే రావచ్చని చెప్పింది. మేనకోడలు బొమ్మలు చూపించి వివరించాలి. మాస్టారు భార్యతో వెళ్ళి మూడో వరసలో కూర్చున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళందరి మెడల మీదా అదే కుట్ల గొలుసు.

సర్జనమ్మ అంకెల సంగతి చెప్పీ చెప్పకముందే హాలంతా గలగలలాడిపోయింది. ఒకావిడ లేచి, “ఎలాగూ పోతానని మా ఆఫీసరు మొహం మీద ఉన్నదున్నట్టు చెప్పేశానండీ! ఇప్పుడు రోజూ వాడి ఎదురుగానే కూర్చోవాలి!” అంది. ఇంకొకాయన, తాను పోతే దిక్కెవరని రెండు పిల్లుల్ని పక్కింటికిచ్చేశాడట. ఇప్పుడవి ఇతని మొహం కూడా చూడడం లేదట. మాస్టారు లేచి చొక్కాల కథ, బోర్డు కథ చెప్పారు. ఒకరి మాట ఇంకొకరికి వినపడటం లేదు. సర్జనమ్మ బల్ల మీద తట్టి తట్టి చివరికి తనే నవ్వుతూ కూర్చుండిపోయింది. మేనకోడలు తెర పక్కన నిలబడి, ఇన్నాళ్ళూ తాను గీతల్లో చూసినవాళ్ళు ఇలా అరుస్తూ, నవ్వుతూ, ముక్కులు చీదుకుంటూ ఎదురుగా కూర్చుంటే, చెప్పాల్సిన మాటలన్నీ మరిచిపోయింది.

సందడి కాస్త సద్దుమణిగాక చివరి వరసలోంచి ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ఒకప్పుడు కళ్ళజోళ్ళ షాపు నడిపాడట. అద్దాలు తళతళా మెరుస్తున్నాయి. “అమ్మాయ్, నాది ఎముకల్లోకి పోయింది. నేనప్పుడూ నాలుగే, ఇప్పుడూ నాలుగేనట. నా గీత ఏదో చూపించు.”

మేనకోడలు అడుగు గీత చూపించింది. దాచలేదు. “ఇదండీ. ఈ చిన్న నిలువు గుర్తులున్నాయి చూశారా? ఉన్నవాళ్ళకి గుర్తు పెడతాం. మీరు ఈ చివరెక్కడో ఉంటారు.”

పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని తీరిగ్గా చూశాడు. “ఇంతదూరం వచ్చినవాళ్ళు కొద్దిమందే ఉన్నట్టున్నారే. రోడ్డు ఖాళీగా ఉంది.”

ముందు ఎవరూ నవ్వలేదు. ఆయనే మొదలుపెట్టాడు. తరవాత హాలంతా అందుకుంది.

బయటికి వస్తుంటే మాస్టారు ఆయన్ని వెతికి పట్టుకుని ఇంటిదగ్గర దింపుతానన్నారు. కారెక్కగానే పెద్దాయన కాళ్ళ దగ్గర చూసి, “ఇటువైపు కూడా బ్రేకుందేం?” అన్నాడు. సంగతి చెబితే చిన్నపిల్లాడిలా మొహం వెలిగింది. “నేనెప్పుడూ నేర్చుకోలేదండీ. షాపు పైనే ఇల్లు, ఎక్కడికి నడపాలి? ఇప్పుడు నేర్పుతారా? పరీక్ష నేను పాస్ కానక్కర్లేదు.”

“ఖాళీ రోడ్డు మీదే నేర్పాలి మరి” అన్నారు మాస్టారు.

సర్జనమ్మని అడిగారు. మెత్తగా నడిపేట్టయితే, ఎముకలకి కుదుపు తగలకపోతే సరేనంది. ఆ ఆదివారమే ఊరి చివర, లారీలు నిలిపే పెద్ద మైదానం ఖాళీగా ఉంటే అక్కడికి తీసుకెళ్ళారు. వెనక సీట్లో భార్య, మేనకోడలు కూర్చున్నారు. పెద్దాయన నడుం కింద దిండు పెట్టారు. ఆయన స్టీరింగ్‌ని రెండు చేతులతో, షాపులో అద్దాన్ని పట్టుకున్నట్టు అపురూపంగా పట్టుకున్నాడు. కారు కదిలింది. మనిషి నడిచే వేగంతో మైదానమంతా పెద్ద సున్నా చుట్టింది. వెనకనుంచి ఆడవాళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు పాత అలవాటు ఆపుకోలేక “క్లచ్చు! సార్, క్లచ్చు!” అని ఒక్క కేక వేశారు. పెద్దాయన ఏమాత్రం ఉలిక్కిపడలేదు.

“క్లచ్చు సరేనయ్యా” అన్నాడు. “హారన్ ఎక్కడ?”

చూపించారు. ఆ తరవాత ఆ మైదానంలో ఎవరు ఏం మాట్లాడుకున్నారో ఒకరిది ఒకరికి వినపడలేదు.